కొట్టివేసిన చీటీలు

డెబ్రెత్సెన్‌లో ఆ చలికాలమంతా నాది కత్తెర పని.
నేను టైపిస్టునే. కానీ డాక్టర్ సల్కాయి
రెండు సంపుటాల నిఘంటువు నా ముందు పడేసి
"ఇందులోంచి మనుషుల్ని ఏరండి ఇల్డికో" అన్నాడు.

మనిషంటే ఏమిటని నేనడగలేదు.
జీతం ఉంది. టకటకమని కొట్టుకునే హీటర్ ఉంది.
పిసినారి. ముక్కోపి. గడుసు. బెరుకు.
మాటకారి, నంగనాచి, నిదానస్తుడు, తెంపరి.
ఒక్కో మాటకి ఒక్కో చీటీ.
చుట్టల పెట్టెల్లో నిలువునా పేర్చాను,
వానలో ట్రామ్ కోసం ఒదిగి నిలబడ్డ జనంలా.

ఆయన నమ్మకం ఇదీ:
ఒకరి గురించి ఒకరు చెప్పుకోవలసిందంతా
లోకం ఎప్పుడో చెప్పేసుకుంది.
పనికొచ్చే ప్రతి గుణానికీ
ఏ అవ్వో, ఏ గింజలు చెరుగుతూనో, పేరు పెట్టే ఉంటుంది.

కింది అంతస్తులో ముసలి ప్రొఫెసర్ బొద్నార్
మా పెట్టెల్ని చూసి నవ్వేవాడు.
"మీరు ఏరుతున్నది నురగ. అడుగున అమ్మ ఉంటుంది."
ఆ పక్క గదిలో ఎలుకలు మీట నొక్కేవి, గింజ రాలేది.
వాటిని చూసుకునే కుర్రాడు జోంబోర్
"గుణం లేదు గిణం లేదక్కా, అంతా అలవాటే" అనేవాడు,
నాలుగింటికి నేనిచ్చే గసగసాల రొట్టె కోసం
మూడూ యాభైకే మెట్ల మీద నిలబడి.

తర్వాత ఎర్ర పెన్సిల్ వచ్చింది.
"ఇది గుణం కాదు, స్థితి" అంటాడు డాక్టర్.
అలసిన. కొట్టేశాడు.
బెంగపడ్డ. కొట్టేశాడు.
కాసేపు ఊరడిల్లిన, చలికి ముడుచుకున్న,
ఎవరి కోసమో కిటికీ దగ్గర నిలబడ్డ...
"రేపటిదాకా నిలవనిది మనకొద్దు."
ఎనిమిది వేల మాటలు ఏడువందలయ్యాయి.

రెండువందలమంది ఫారాలు నింపారు.
నేలమాళిగలో కంప్యూటర్ రాత్రంతా నమిలి
తెల్లారేసరికి ఐదు కుప్పలు పోసింది.
కొడుకు పుట్టినవాడిలా వచ్చాడు డాక్టర్, చెయ్యి చాచి:
"ఐదే ఇల్డికో! ఎంతమందినైనా పట్టుకో, ఐదే!"
ఐదు వేళ్ళూ ఒకేలా ఉండవు కదా అనబోయి
ఊరుకున్నాను.

నాకూ ఒక ఫారం మిగిలింది.
మా ఆయన గాష్పార్‌ని నింపాను.
మాటకారి అనే గడిలో ఒకటి వేశాను.
ఇంట్లో ఆయన భాష రెండు మాటలు: "ఉప్పు", "దీపం ఆర్పు".

మార్చిలో ఒకరోజు అనుకోకుండా ఆయన ట్రామే ఎక్కాను.
వెనక నిలబడ్డాను, చూడలేదు.
బాతును బుట్టలో పెట్టుకొచ్చిన ముసలమ్మతో
"దానికి అర టికెట్టు తియ్యాలమ్మా" అంటున్నాడు.
పెట్టె పెట్టంతా నవ్వింది.
నేను తప్ప.
ఆ గొంతు నేనెరగను.

ఇంటికొచ్చి అదే గడిలో ఐదు వేశాను.
డాక్టర్ రెండూ చూసి "సగటు తియ్యండి" అన్నాడు.
మూడు వచ్చింది.
ఒకటితో పదహారేళ్ళు కాపురం చేశాను,
ఐదుని ఒక్క మధ్యాహ్నం చూశాను.
మూడెవరో నాకు తెలీదు.

కొట్టివేసిన చీటీలు పిండి సంచిలో కట్టి
పొయ్యి రాజెయ్యడానికి తెచ్చుకున్నాను.
కాగితం పలచన, ఇట్టే అంటుకునేది.
ఒక రాత్రి డ్యూటీ దిగొచ్చి, గ్లవ్స్ తియ్యకుండానే
గాష్పార్ సంచిలో చెయ్యి పెట్టాడు.
ఒకటి తీశాడు. దీపం దగ్గరికి వంగి చదివాడు.
పొయ్యిలో వెయ్యలేదు.
చొక్కా జేబులో పెట్టుకుని
"సూపు చల్లారిందా" అన్నాడు.

నా దగ్గర కార్బన్ కాపీ ఉంది.
సంచి కుమ్మరించి, వరసలు సరిచూస్తే
ఏ మాట తగ్గిందో తెలిసిపోతుంది.

సూపు వేడి చేశాను.